హెచ్‌డీ వీడియో ఆగి ఆగి ఆడుతోందా? స్టిల్ కెమెరా దృశ్యాలను సాఫీగా చూడటం, కూర్చడం ఎలా

పెళ్లిలోనో, గృహప్రవేశంలోనో, ఊరి జాతరలోనో స్టిల్ కెమెరాతో తీసిన హెచ్‌డీ వీడియో కెమెరా వెనుక ఉన్న చిన్న తెరపై చక్కగా కదులుతుంది. అదే ఫైలును ఇంట్లోని కంప్యూటర్‌లో తెరిస్తే బొమ్మ ఆగి ఆగి సాగుతుంది. మాట ముందు వినిపిస్తుంది, పెదవి తరువాత కదులుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పరిస్థితి మరింత కష్టమవుతుంది. ఒక్క చోట కత్తిరించడానికి నిమిషాలు వేచి ఉండవలసి వస్తుంది.

ఈ స్థితిలో ‘వీడియో పాడైపోయింది’ అనుకొని ఫైలును తొలగించేవారు ఉన్నారు. ఏదో ఒక కన్వర్టర్‌తో చిన్న ఫైలుగా మార్చి, అసలు ఫైలును చెరిపివేసేవారు ఇంకా ఎక్కువ. రెండూ తొందరపాటు నిర్ణయాలే. ఎందుకంటే ఆగి ఆగి ఆడే వీడియోలో చాలా సందర్భాలలో లోపం ఫైలులో ఉండదు, దానిని విప్పి చూపించవలసిన యంత్రంలో ఉంటుంది. కెమెరా నమోదు చేసినది కార్డులో భద్రంగానే ఉంటుంది. ఈ రోజు తడబడిన కంప్యూటర్ స్థానంలో రేపు మరొకటి వస్తుంది. చెరిపివేసిన తాతగారి మాట మాత్రం తిరిగి రాదు.

ఈ సమస్య ఎందుకు వస్తుంది, వీడియోను సాఫీగా చూడటానికి ఏం చేయాలి, నాణ్యత కోల్పోకుండా ఎడిటింగ్ ఎలా చేసుకోవాలి, అసలు ఫైళ్లను ఎలా కాపాడుకోవాలి అనే విషయాలను ఈ కథనం వివరిస్తుంది.

స్టిల్ కెమెరాకు వీడియో ఎలా వచ్చింది?

చిన్న డిజిటల్ కెమెరాలలో తక్కువ నాణ్యత గల వీడియో సౌకర్యం ముందునుంచీ ఉన్నప్పటికీ, లెన్సులు మార్చుకోగల డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలలో వీడియో 2008లో ప్రవేశించింది. ఆ ఏడాది ఆగస్టులో నికాన్ ప్రకటించిన డీ90, వీడియో తీయగల తొలి డీఎస్‌ఎల్‌ఆర్. అది సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 720పీ వీడియోను నమోదు చేసేది. మరుసటి నెలలో కానన్ ప్రకటించిన ఈఓఎస్ 5డీ మార్క్ 2, పూర్తి హెచ్‌డీ, అంటే 1920×1080 పిక్సెళ్ల వీడియోను తీసింది.

పెద్ద సెన్సర్ వల్ల తక్కువ వెలుతురులోనూ స్పష్టమైన దృశ్యం, వెనుక భాగం మసకబారి ముఖం మాత్రం తేటగా కనిపించే సినిమా తరహా చిత్రణ తక్కువ ఖర్చులో అందుబాటులోకి వచ్చాయి. తెలుగు చిత్రసీమ కూడా ఈ మార్పును త్వరగానే గమనించింది. రామ్ గోపాల్ వర్మ 2011లో ‘దొంగల ముఠా’ చిత్రాన్ని కానన్ 5డీ స్టిల్ కెమెరాలతో, అతి తక్కువ మంది సాంకేతిక సిబ్బందితో, అయిదు రోజులలో చిత్రీకరించారు. పెళ్లి వీడియోలు తీసేవారు కూడా క్రమంగా భుజంపై మోసే పెద్ద కెమెరాల నుంచి వీటివైపు మళ్లారు.

అయితే కెమెరాలు మారినంత వేగంగా ఇళ్లలోని కంప్యూటర్లు మారలేదు. ఇప్పుడు మిర్రర్‌లెస్ కెమెరాలు 4కే వీడియో తీస్తున్నాయి. 4కేలో పిక్సెళ్లు పూర్తి హెచ్‌డీకి నాలుగు రెట్లు. నాటి సమస్యే నేడు పెద్ద కొలతలో పునరావృతమవుతోంది.

కుదింపు ఎందుకు తప్పదు?

ఒక చిన్న లెక్క చూద్దాం. పూర్తి హెచ్‌డీ ఫ్రేము ఒక్కదానిలో 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కో పిక్సెల్ రంగుకు 3 బైట్లు అనుకుంటే, ఒక ఫ్రేము సుమారు 6.2 మెగాబైట్లు అవుతుంది. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున సుమారు 155 మెగాబైట్లు, నిమిషానికి 9 గిగాబైట్లకు పైగా అవుతుంది. ఇంత సమాచారాన్ని సామాన్య మెమరీ కార్డు అంత వేగంగా రాసుకోలేదు, ఎక్కువసేపు నిలువ చేసుకోనూ లేదు.

అందువల్ల కెమెరా వీడియోను తీస్తున్నప్పుడే కుదిస్తుంది. సెకనుకు 40 మెగాబిట్ల రేటుతో నమోదు చేస్తే, సెకనుకు 5 మెగాబైట్లు, నిమిషానికి 300 మెగాబైట్లు సరిపోతాయి. అంటే అసలు సమాచారంలో సుమారు ముప్పయ్యో వంతు మాత్రమే కార్డుపైకి చేరుతుంది. మిగిలినదానిని చూసేటప్పుడు కంప్యూటర్ తిరిగి లెక్కగట్టాలి. కష్టమంతా ఈ పనిలోనే ఉంది.

కుదించే, విప్పే పద్ధతిని కోడెక్ అంటారు. 2003లో రూపొందిన హెచ్.264 ప్రమాణం అత్యంత వ్యాప్తి పొందినది. 2013లో వచ్చిన హెచ్.265, అంటే హెచ్‌ఈవీసీ, దాదాపు అదే నాణ్యతను సుమారు సగం పరిమాణంలో ఇవ్వగలదు. కానీ విప్పడానికి మరింత గణన అవసరం. ఎంపీ4, ఎంఓవీ, ఎంటీఎస్, ఏవీఐ అనేవి కోడెక్‌లు కావు. అవి వీడియోను, ధ్వనిని కలిపి ఉంచే పెట్టెల వంటివి. ‘ఎంపీ4 నా కంప్యూటర్‌లో ఆడుతుంది, ఈ ఎంపీ4 మాత్రం ఎందుకు ఆడదు?’ అనే ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది. పెట్టె ఒకటే అయినా లోపలి కోడెక్ వేరు కావచ్చు.

ఖాతా పుస్తకం పోలిక

హెచ్.264 ప్రతి ఫ్రేమునూ పూర్తిగా రాయదు. మొదట ఒక ఫ్రేమును పూర్తిగా రాస్తుంది. దీనిని కీలక ఫ్రేము అంటారు. తరువాతి ఫ్రేములలో ఏమి మారిందో అది మాత్రమే రాస్తుంది. కిరాణా దుకాణంలోని ఖాతా పుస్తకం కూడా ఇటువంటిదే. నెల మొదటి తేదీన పాత బాకీ మొత్తం రాసి, ఆ తరువాత ఏ రోజు ఎంత సరుకు తీసుకున్నారో, ఎంత జమ చేశారో మాత్రమే రాస్తారు. 12వ తేదీన బాకీ ఎంత అని అడిగితే, ఒకటో తేదీ నుంచి లెక్క కూడుకుంటూ రావాలి.

వీడియోలోనూ అంతే. మధ్యలోని ఒక ఫ్రేమును చూపాలంటే, దానికి ముందున్న కీలక ఫ్రేము వద్దకు వెళ్లి, అక్కడి నుంచి మార్పులన్నీ లెక్కించుకుంటూ రావాలి. కొన్ని ఫ్రేములు తమకు తరువాత వచ్చే ఫ్రేములపై కూడా ఆధారపడి ఉంటాయి. వరుసగా చూస్తున్నంతసేపు ఈ పని ఒక క్రమంలో సాగుతుంది. ఎడిటింగ్‌లో వెనక్కి జరపడం, ముందుకు దూకడం, రెండు కెమెరాల దృశ్యాలను ఒకేసారి నడపడం వంటివి చేసినప్పుడు ఈ లెక్క మళ్లీ మళ్లీ మొదలవుతుంది. అందుకే సాఫీగా ఆడిన ఫైలు కూడా ఎడిటింగ్‌లో మొరాయిస్తుంది.

నికాన్ డీ90 వాడిన మోషన్ జేపెగ్ పద్ధతిలో ప్రతి ఫ్రేమూ స్వతంత్రమైన ఛాయాచిత్రమే. నాణ్యతతో పోలిస్తే ఫైలు పెద్దదే. అయినా ఏ ఫ్రేమునైనా నేరుగా తెరవవచ్చు గనుక దానిని కత్తిరించడం తేలిక. ఫైలు పరిమాణానికీ కంప్యూటర్ పడే శ్రమకూ నేరు సంబంధం లేదన్న ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. ఎడిటింగ్ సమస్యకు పరిష్కారం దీనిపైనే ఆధారపడి ఉంది.

లోపం ఎక్కడుందో ముందుగా గుర్తించాలి

కార్డు నుంచి తెర వరకు వీడియో నాలుగు దశలు దాటుతుంది: నిలువ ఉన్న చోటు నుంచి చదవడం, కోడెక్‌ను విప్పడం, తెరకు పంపడం, తెర చూపడం. ఏ ఒక్క దశ వెనుకబడినా ఫలితం ఒకే విధంగా కనిపిస్తుంది. అందువల్ల మందు వేసే ముందు రోగం తెలుసుకోవాలి.

మొదటి పరీక్ష సులువైనది. ఆ ఫైలును కెమెరాలోనే ఆడించి చూడండి. అక్కడ సాఫీగా ఆడితే ఫైలు బాగున్నట్టే. కెమెరాలోనూ అదే చోట ఆగితే అప్పుడు మాత్రమే నమోదులో లోపాన్ని అనుమానించాలి. తక్కువ వేగపు కార్డు వల్ల నమోదు మధ్యలో తెగిపోవడం ఇందుకు ఒక కారణం. కార్డుపై వృత్తంలో 10 అనే అంకె ఉంటే సెకనుకు కనీసం 10 మెగాబైట్లు, ‘వీ30’ అని ఉంటే కనీసం 30 మెగాబైట్లు రాయగలదని అర్థం.

రెండవ పరీక్షగా ఫైలును కార్డు నుంచి కంప్యూటర్ లోపలి డిస్కుకు నకలు చేసి ఆడించండి. కార్డు రీడర్ నుంచి, పాత పెన్ డ్రైవ్ నుంచి నేరుగా ఆడించినప్పుడు చదివే వేగం చాలకపోవచ్చు. నకలు చేసిన తరువాత సాఫీగా ఆడితే సమస్య అక్కడితో తీరినట్టే.

మూడవ పరీక్ష విండోస్‌లోని టాస్క్ మేనేజర్. వీడియో ఆడుతున్నప్పుడు దానిని తెరిచి చూస్తే, డిస్కు 100 శాతం పని చేస్తున్నదా, ప్రాసెసర్ 100 శాతం పని చేస్తున్నదా తెలుస్తుంది. ప్రాసెసర్ నిండిపోయి, గ్రాఫిక్స్ విభాగంలోని వీడియో డీకోడ్ రేఖ సున్నా వద్ద ఉంటే, వీడియోను విప్పే పని మొత్తం ప్రాసెసర్‌పైనే పడుతున్నదని అర్థం.

మాట ముందు, బొమ్మ వెనుక కావడానికీ కారణం ఇదే. ధ్వనిని విప్పడం చాలా తేలిక. ప్లేయర్లు సాధారణంగా ధ్వని నడకనే గడియారంగా తీసుకుంటాయి. బొమ్మ వెనుకబడితే కొన్ని ఫ్రేములను వదిలివేసి ధ్వనిని అందుకోవడానికి ప్రయత్నిస్తాయి. మనకు కనిపించే కుదుపులు ఆ వదిలివేసిన ఫ్రేములే. అవి తెరపైకి రాలేదు తప్ప, ఫైలులో యథాతథంగా ఉన్నాయి.

సాఫీగా చూడటానికి

నేటి ప్రాసెసర్లలో, గ్రాఫిక్స్ చిప్పులలో హెచ్.264 విప్పడానికి ప్రత్యేక విభాగం ఉంటుంది. ఇంటెల్ 2011లో తన ప్రాసెసర్లకు జోడించిన క్విక్ సింక్ అటువంటిదే. ప్లేయర్ ఆ విభాగాన్ని వాడుకుంటే ప్రధాన ప్రాసెసర్‌పై భారం బాగా తగ్గుతుంది. ఉచితంగా లభించే వీఎల్‌సీ ప్లేయర్‌లో ప్రాధాన్యతల పేజీలో కోడెక్‌ల విభాగానికి వెళ్లి హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను ‘ఆటోమేటిక్’ చేస్తే సరిపోతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ పాతదైతే దానిని కూడా నవీకరించాలి.

అయితే ఈ ప్రత్యేక విభాగం అన్ని రకాల వీడియోలకూ పనికిరాదు. కొత్త కెమెరాలలో ఎక్కువ రంగుల సమాచారాన్ని భద్రపరిచే ‘10 బిట్ 4:2:2’ అనే ఎంపిక ఉంటుంది. హెచ్.264లో ఆ రకం వీడియోను చాలా గ్రాఫిక్స్ చిప్పులు విప్పలేవు. భారం మళ్లీ ప్రాసెసర్‌పైనే పడుతుంది. రంగులు దిద్దే ఉద్దేశం లేని ఇంటి వేడుకలకు మామూలు 8 బిట్ ఎంపిక చాలు. హెచ్‌ఈవీసీ వీడియోకు కొన్ని విండోస్ కంప్యూటర్లలో అదనపు భాగం స్థాపించుకోవలసి ఉంటుంది. అది లేనప్పుడు ధ్వని మాత్రమే వినిపించి తెర నల్లగా ఉండవచ్చు. అది కూడా ఫైలు లోపం కాదు.

ల్యాప్‌టాప్ వాడేవారు మరో రెండు విషయాలు గమనించాలి. బ్యాటరీపై నడిచేటప్పుడు విద్యుత్తు ఆదా కోసం ప్రాసెసర్ వేగం తగ్గుతుంది. ఛార్జర్ తగిలించి చూడాలి. వేసవిలో పరుపుపై, దిండుపై పెట్టి వాడితే గాలి ఆడక యంత్రం వేడెక్కుతుంది, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మొదటి అయిదు నిమిషాలు బాగా ఆడి, ఆ తరువాత తడబడే వీడియోకు తరచూ ఇదే కారణం.

కదిలే వస్తువుల అంచుల వద్ద దువ్వెన పళ్ల వంటి గీతలు కనిపిస్తే అది వేరే సంగతి. సోనీ, పానాసోనిక్ సంస్థలు 2006లో ప్రకటించిన ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో కొన్ని కెమెరాలు ఒక్కో ఫ్రేమును సరి, బేసి గీతలుగా విడదీసి నమోదు చేస్తాయి. ప్లేయర్‌లో డీఇంటర్‌లేస్ ఎంపికను ఆన్ చేస్తే ఆ గీతలు పోతాయి. వీఎల్‌సీలో కీబోర్డుపై ‘డీ’ అక్షరం నొక్కితే ఈ సౌకర్యం పని చేస్తుంది.

25, 30, 50, 60: ఫ్రేముల లెక్క

కంప్యూటర్ ఎంత శక్తిమంతమైనదైనా, కొన్ని వీడియోలు కొద్దిపాటి కుదుపుతో కనిపిస్తాయి. కెమెరా పక్కకు తిప్పినప్పుడు ఇది బాగా తెలుస్తుంది. చాలా కంప్యూటర్ తెరలు సెకనుకు 60 సార్లు నవీకరణ పొందుతాయి. 25 ఫ్రేముల వీడియోను 60 సార్లలో సమానంగా పంచడం కుదరదు. కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు కనిపిస్తాయి. ఆ అసమానతే కుదుపు. తెర అమరికలలో 50 హెర్ట్జ్ ఎంపిక ఉంటే దానికి మార్చి చూడాలి. అప్పుడు ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండుసార్లు కనిపిస్తుంది. టీవీకి తగిలించి చూసినా ఈ తేడా తెలుస్తుంది.

భారతదేశంలో విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్. మన టెలివిజన్ ప్రసారాలు అనుసరించిన పాల్ పద్ధతి కూడా సెకనుకు 25 ఫ్రేములదే. అమెరికాలో విద్యుత్తు 60 హెర్ట్జ్, ఫ్రేములు 30. అక్కడ స్థిరపడిన బంధువులు కానుకగా తెచ్చిన కెమెరా సాధారణంగా 30 లేదా 60 ఫ్రేముల అమరికతో వస్తుంది. దానితో మన కల్యాణ మండపంలోని ట్యూబ్‌లైట్ల కింద వీడియో తీస్తే దృశ్యంలో వెలుగు మిణుకుమిణుకుమంటుంది, లేదా అడ్డంగా నల్లటి పట్టీలు కదులుతాయి. మన దీపాలు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులకు లోనవడం, కెమెరా షట్టర్ వేగం దానితో పొసగకపోవడం ఇందుకు కారణం. షట్టర్ వేగాన్ని సెకనులో 50వ వంతుకు లేదా 100వ వంతుకు మార్చితే చాలావరకు ఈ ఇబ్బంది తొలగుతుంది. చాలా కెమెరాల మెనూలో ఎన్‌టీఎస్‌సీ నుంచి పాల్‌కు మారే ఎంపిక కూడా ఉంటుంది.

ఒకే వేడుకను రెండు మూడు కెమెరాలతో తీసేటప్పుడు అన్నింటినీ ఒకే ఫ్రేముల సంఖ్యకు ముందుగానే అమర్చుకోవాలి. 30 ఫ్రేముల వీడియోను 25 ఫ్రేముల కూర్పులో చేర్చితే ప్రతి సెకనులో అయిదు ఫ్రేములు జారిపోతాయి. దానివల్ల వచ్చే కుదుపును తరువాత సరిదిద్దడం కష్టం. మొబైల్ ఫోన్లతో మరో చిక్కు ఉంది. అవి వెలుతురును బట్టి ఫ్రేముల సంఖ్యను మార్చుకుంటూ ఉండవచ్చు. అటువంటి వీడియోను ఎడిటింగ్‌కు ముందు స్థిరమైన ఫ్రేముల సంఖ్యకు మార్చుకోకపోతే ధ్వని క్రమంగా తప్పుతుంది.

ఎడిటింగ్: ప్రాక్సీయే సులువైన మార్గం

కంప్యూటర్ పాతదని ఎడిటింగ్ ఆలోచన మానుకోవలసిన అవసరం లేదు. వృత్తి నిపుణులు అనుసరించే ఒక పద్ధతి ఇంటి వాడకానికీ సరిపోతుంది. అసలు ఫైళ్లకు తేలికైన నకళ్లు తయారు చేసి, కత్తిరింపులు, కూర్పు అన్నీ ఆ నకళ్లపైన చేస్తారు. చివరగా తుది వీడియో తయారయ్యేటప్పుడు సాఫ్ట్‌వేర్ నకళ్ల స్థానంలో అసలు ఫైళ్లను తీసుకుంటుంది. ఈ నకళ్లను ప్రాక్సీలు అంటారు. తుది నాణ్యతలో ఏ మాత్రమూ తేడా ఉండదు.

ఉచితంగా లభించే కేడెన్‌లైవ్, షాట్‌కట్, డావించీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్లలో ఈ సౌకర్యం ఉంది. అడోబీ ప్రీమియర్ ప్రో వంటి వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. ప్రాక్సీలు తయారవడానికి కొంత సమయం పడుతుంది. రాత్రి ఆ పని అప్పగించి, ఉదయం కూర్పు మొదలుపెట్టడం మంచి అలవాటు.

ప్రాక్సీకి గానీ, మధ్యంతర నకలుకు గానీ ఏ కోడెక్ వాడాలన్నది ముఖ్యం. యాపిల్ రూపొందించిన ప్రోరెస్, అవిడ్ రూపొందించిన డీఎన్‌ఎక్స్‌హెచ్‌డీ పద్ధతులలో ప్రతి ఫ్రేమూ స్వతంత్రంగా ఉంటుంది. 25 ఫ్రేముల పూర్తి హెచ్‌డీ వీడియోకు డీఎన్‌ఎక్స్‌హెచ్‌డీలోని అతి తేలిక రకం సెకనుకు 36 మెగాబిట్లు తీసుకుంటుంది. గంటకు సుమారు 16 గిగాబైట్లు. 40 మెగాబిట్ల అసలు ఫైలు గంటకు 18 గిగాబైట్లు. పరిమాణంలో పెద్ద తేడా లేదు. కానీ ఖాతా మొదటి నుంచీ కూడుకోవలసిన అవసరం లేదు గనుక మొరాయించిన కంప్యూటరే చురుకుగా పని చేస్తుంది. ప్రోరెస్ 422 అయితే సెకనుకు సుమారు 122 మెగాబిట్లు, గంటకు 55 గిగాబైట్లు అవుతుంది. రంగులు దిద్దడానికి అది అనువైనది, డిస్కులో చోటు మాత్రం కావాలి.

ప్రాక్సీల అవసరం లేకుండా కొంత ఉపశమనం పొందే మార్గాలూ ఉన్నాయి. ప్రివ్యూ నాణ్యతను సగానికో, నాలుగో వంతుకో తగ్గించుకోవచ్చు. అది తెరపై చూపే బొమ్మకే వర్తిస్తుంది, తుది వీడియోకు కాదు. కూర్పు ఫ్రేముల సంఖ్యను వీడియో ఫ్రేముల సంఖ్యకు సమానంగా పెట్టాలి. రంగుల దిద్దుబాటు, ఊగిసలాటను తగ్గించే స్టెబిలైజేషన్ వంటి భారమైన పనులను కత్తిరింపులన్నీ పూర్తయిన తరువాతే చేపట్టాలి.

మొదటా చివరా ఉన్న అనవసర భాగాన్ని తొలగించడమే మీ అవసరమైతే పూర్తి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. లాస్‌లెస్‌కట్, అవిడెమక్స్ వంటి ఉచిత సాధనాలు వీడియోను మళ్లీ కుదించకుండానే ముక్క చేస్తాయి. నాణ్యత తగ్గదు, పని క్షణాలలో ముగుస్తుంది. అయితే కోత కీలక ఫ్రేము వద్దనే పడుతుంది గనుక ఒక సెకను అటూ ఇటూ కావచ్చు.

తుది వీడియో: ఎవరికి, ఏ రూపంలో?

కూర్పు ముగిసిన తరువాత ఎక్కువ పరికరాలలో ఆడే రూపం ఎంపీ4 పెట్టెలో హెచ్.264 వీడియో, ఏఏసీ ధ్వని. పూర్తి హెచ్‌డీ, 25 ఫ్రేముల వీడియోకు యూట్యూబ్ సూచించే రేటు సెకనుకు 8 మెగాబిట్లు. ఇంటి టీవీలో చూడటానికి 10 నుంచి 15 మెగాబిట్లు పెట్టుకోవచ్చు.

పెన్ డ్రైవ్‌లో వేసి టీవీకి తగిలించేవారికి మరో అవరోధం ఎదురవుతుంది. ఫ్యాట్32 పద్ధతిలో అమర్చిన పెన్ డ్రైవ్‌లో 4 గిగాబైట్లకు మించిన ఒకే ఫైలు పట్టదు, చోటు ఎంత మిగిలి ఉన్నా సరే. టీవీ అంగీకరిస్తే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చుకోవాలి. లేకుంటే వీడియోను భాగాలుగా చేయాలి. పెన్ డ్రైవ్‌ను ఆ పద్ధతికి మార్చితే అందులోని సమాచారం పోతుంది గనుక ముందుగా నకలు తీసుకోవడం మరవరాదు.

వాట్సాప్‌లో వీడియోగా పంపినప్పుడు అది మళ్లీ కుదించబడుతుంది. డాక్యుమెంట్‌గా జోడించి పంపితే ఫైలు యథాతథంగా చేరుతుంది. బంధువులు వాట్సాప్‌లో పంపిన వీడియోను అసలు ప్రతిగా భావించి భద్రపరచడం సరికాదు.

అసలు ఫైలును ఎందుకు ఉంచుకోవాలి?

కుదించిన వీడియోను మళ్లీ కుదిస్తే, జిరాక్సు కాపీని మళ్లీ జిరాక్సు తీసినట్టే. ప్రతిసారీ కొంత వివరం పోతుంది, పోయినది తిరిగి రాదు. నేడు చిన్నదిగా మార్చి దాచుకున్న వీడియో రేపటి పెద్ద తెరపై మసకగా కనిపిస్తుంది. అసలు ఫైలు ఉంటే మాత్రం మెరుగైన సాధనం వచ్చినప్పుడల్లా దాని నుంచి కొత్త ప్రతి తయారు చేసుకోవచ్చు. 2009లో తడబడుతూ ఆడిన హెచ్‌డీ ఫైళ్లను నేటి మామూలు ఫోన్ కూడా సాఫీగా ఆడించగలదు. నాడు ఫైళ్లను చెరిపివేయని కుటుంబాలకే ఆ ప్రయోజనం దక్కింది.

కార్డు నుంచి నకలు చేసేటప్పుడు వీడియో ఫైళ్లను మాత్రమే ఏరుకోకుండా మొత్తం ఫోల్డర్‌ను యథాతథంగా తీసుకోవాలి. పొడవైన వీడియోను చాలా కెమెరాలు 4 గిగాబైట్ల ముక్కలుగా విడదీసి రాస్తాయి. ముక్కల మధ్య సంబంధం చెప్పే సమాచారం పక్కనే ఉన్న చిన్న ఫైళ్లలో ఉండవచ్చు. ముఖ్యంగా ఏవీసీహెచ్‌డీలో ఆ చిన్న ఫైళ్లను వదిలివేస్తే, ముక్కలు కలిపినచోట ధ్వని క్షణకాలం తెగవచ్చు.

వీడియో 12 నిమిషాలకో, 29 నిమిషాల 59 సెకన్లకో ఆగిపోతే కెమెరా చెడిపోయిందని కంగారు పడవద్దు. మొదటిది 5డీ మార్క్ 2 వంటి పాత కెమెరాలలో 4 గిగాబైట్ల పరిమితి వల్ల వచ్చినది. రెండవది యూరప్‌లో వీడియో కెమెరాలకు వర్తించిన అదనపు సుంకాన్ని తప్పించుకోవడానికి తయారీదారులు పెట్టుకున్న హద్దు. ముహూర్తం సమీపిస్తున్నప్పుడు నమోదును ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టుకోవడం తెలివైన పని. లేకపోతే సరిగ్గా మాంగల్యధారణ సమయంలోనే కెమెరా ఆగిపోవచ్చు.

నకలు చేసిన తరువాత ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం సరిచూసుకోవాలి. ప్రతి ఫైలునూ మొదట, మధ్యలో, చివరన కొద్దిసేపు ఆడించి చూడాలి. మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల సాధనాలపై, వాటిలో ఒకటి వేరే ఇంట్లోనో, ఆన్‌లైన్ నిలువలోనో ఉంచడం అన్నది నిపుణులు పాటించే నియమం. ఆ తరువాతే కార్డును ఖాళీ చేయాలి. అదీ కంప్యూటర్‌లో కాదు, కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి.

పొరపాటు జరిగిపోతే

ఫైళ్లను తొలగించినా, కార్డును ఫార్మాట్ చేసినా, ఆ కార్డును వెంటనే కెమెరా నుంచి తీసి పక్కన పెట్టండి. దానిపై మరో ఫోటో కూడా తీయవద్దు. తొలగింపు అంటే చాలాసార్లు ఫైళ్ల పట్టికలోని పేరును తీసివేయడమే. కొత్త సమాచారం దానిపై పడేవరకు పాతది కార్డులోనే ఉండే అవకాశం ఉంది. ఫోటోరెక్ వంటి ఉచిత సాధనాలు దానిని వెతికి తీయగలవు. తీసిన ఫైళ్లను అదే కార్డుపై కాక వేరే డిస్కుపై దాచుకోవాలి. వీడియో ఫైళ్లు పెద్దవి, కార్డుపై ముక్కలుగా చెదిరి ఉండవచ్చు గనుక అన్నీ పూర్తిగా దక్కుతాయని హామీ ఇవ్వలేం.

నమోదు మధ్యలో బ్యాటరీ అయిపోతే ఫైలు అసలు తెరుచుకోకపోవచ్చు. ఎంఓవీ, ఎంపీ4 ఫైళ్లలో లోపలి సమాచారానికి విషయసూచిక వంటి భాగాన్ని చాలా కెమెరాలు చివరన రాస్తాయి. అది లేకపోతే ప్లేయర్‌కు దారి తెలియదు. అదే బ్యాటరీని ఛార్జి చేసి, కార్డును అదే కెమెరాలో పెట్టి ఆన్ చేస్తే కొన్ని కెమెరాలు తమంతట తామే ఫైలును బాగుచేస్తాయి. అది ఫలించకపోతే, అదే కెమెరాతో అదే అమరికలో తీసిన మరో మంచి ఫైలును నమూనాగా తీసుకొని సూచికను పునర్నిర్మించే సాధనాలు ఉన్నాయి. అందువల్ల ఇటువంటి ఫైలును కూడా వెంటనే పారవేయరాదు.

గుర్తుంచుకోవలసిన క్రమం

ముందుగా కెమెరాలో ఆడించి చూడండి. ఫైళ్లను డిస్కుకు నకలు చేసి, మరో ప్రతిని వేరే చోట దాచండి. ప్లేయర్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను సరిచేసుకోండి. ఎడిటింగ్‌కు ప్రాక్సీలు వాడండి. పంచుకోవడానికి చిన్న ప్రతిని తయారు చేసుకోండి, అసలును మాత్రం అలాగే ఉంచండి. వీడియో తడబడిందని దానిని చెరిపివేసే ముందు, తడబడినది కంప్యూటరేనేమో ఒకసారి సరిచూసుకోండి.